వెనిస్ వీథులలో ఒక దినము

పదమూడవ శతాబ్దము చివర మార్కోపోలో అను వర్తకుడు తూర్పుదేశములను చుట్టి స్వస్థలమునకు మరలి వచ్చెను. అతడు కన్నవియు విన్నవియు చెప్పగా అవి గ్రంథరూపమును దాల్చెను. ఆ గ్రంథమున మన మోటుపల్లి ముచ్చట కలదు. ఆ దేశమును వివేకవతియైన రాణి యొకతె న్యాయముగా పాలించుచున్నదనియు, అచ్చటి నేతవస్త్రములు సాలెగూటి దారములవలె సన్ననివనియు, వానిని ధరింప గోరని రాజుగాని రాణిగాని యుండబోరనియు అతడు ప్రశంసించెను. ఆ రాణి కాకతీయ రుద్రమదేవియే యని చరిత్రకారుల యభిప్రాయము.

మన రేవును, మన మగ్గములను మెచ్చుకొనిన ఆ బాటసారి స్వస్థలము ఇటలీ దేశములోని వెనిస్ నగరము. మోటుపల్లికి చేరువ గ్రామమున పెరిగిన యాత్రికు డొకడు, ‘ఆయన మన సీమను గూర్చి వ్రాసెను. మనము ఆయన యూరు చూడవలదా?’ అని తలంచి, ఒక నవంబరు మాసమున ఆ నగరమునకు ప్రయాణమయ్యెను.

వెనిస్ నగరము ఆడ్రియాటిక్ సముద్రతీరమున, మన పులికాటు సరస్సువంటి ఉప్పునీటి సరస్సు నడుమ వెలసినది. సుమారు 118 చిన్న దీవుల సముదాయమే యీ నగరము. ఆ దీవులను కలుపు వంతెనలు 400 పైచిలుకు. అచ్చటి నేల మెత్తని బురద. పూర్వులు ఆ బురదలో వేలకొలది కొయ్యగుంజలను దగ్గర దగ్గరగా దిగగొట్టి, వానిపై బల్లలు పరచి, ఉప్పునీటికి తట్టుకొను రాతిని పేర్చి, ఆపైన ఇటుకలతో మేడలు కట్టిరి. గాలి సోకని బురదలో నుండుటచే ఆ కొయ్య శతాబ్దములు గడచినను మేడల బరువును మోయుచునే యున్నది. 1846వ సంవత్సరము వరకు ఈ నగరమునకు భూమార్గమే లేదు. ఆ యేట రైలు వంతెనయు, 1933లో మోటారు బండ్ల వంతెనయు ఏర్పడెను. ఐనను మోటారు బండి యెంత గొప్పవానిదైనను ఊరి యంచున నిలిచిపోవలసినదే.

యాత్రికుడు తెల్లవారుజామున రైలు దిగి స్టేషను వెలుపలికి వచ్చెను. ఏ యూరి స్టేషను ముందైనను బండ్ల రొద వినవచ్చును. ఇచ్చట మెట్లు దిగగానే ఎదుట నీరు! అదియే ‘పెద్ద కాలువ’. నాలుగు కిలోమీటర్లకు కొంచెము తక్కువ పొడవుతో ఆ కాలువ పాము మెలికవలె నగరమును రెండుగా చీల్చుచున్నది. దానికి ఇరుప్రక్కల మేడల గుమ్మములు నీటిలోనికే తెరచుకొనియున్నవి. వీథి యుండవలసిన చోట కాలువయు, బండి యుండవలసిన చోట పడవయు నుండుట చూచి యాత్రికుడు కొంతసేపు కదలక నిలిచిపోయెను.

నగరము మేల్కొనుచుండెను. నీటిపై మంచు ఇంకను విడలేదు. ఒక పడవలో రొట్టెల పిండి బస్తాలు, మరియొక దానిలో పాలసీసాలు, వేరొక దానిలో చలువచేసిన దుప్పట్ల మూటలు పోవుచుండెను. ఒక పడవ నిండ ఇటుకలు, సున్నము. ఇంకొక పడవలో ఎవరిదో బీరువా, మంచము, కుర్చీలు. ఇల్లు మారువారు సామానును నీటిమీదనే తరలింపవలెను గదా! ఇంతలో కాళ్లక్రింద గడగడ శబ్దము వినబడెను. పారిశుద్ధ్యపు పనివాడు తోపుడు బండిని నడుపుకొనుచు ఇంటింటి ముందు ఆగి చెత్తమూటలను తీసికొనుచుండెను. బండి నిండగానే కాలువ గట్టునకు చేర్చెను. అచ్చట వేచియున్న పడవలోని బరువులెత్తు యంత్రము బండిని పైకెత్తి, చెత్తను పడవలో కుమ్మరించి, మరల గట్టుమీద దించెను.

సరకులు మోయు తోపుడు బండ్లను యాత్రికుడు శ్రద్ధగా పరికించెను. వానికి వెనుక రెండు పెద్ద చక్రములును, ముందు రెండు చిన్న చక్రములును ఉండును. ప్రతి వంతెనకును మెట్లుండుటచే, చిన్న చక్రములను మెట్టుపై ఆనించి, పెద్ద చక్రములను పైకి లాగుచు కూలివాడు ఒక్కొక్క మెట్టే యెక్కును. మన యిండ్లకు దుకాణమునుండి వచ్చు ప్రతి వస్తువును బండి తెచ్చును. ఆ యూరిలో ప్రతి వస్తువు వెనుకను ఒక మనుష్యుని భుజబలము కలదు. ఇరుకు సందులలో బండి తోయువారు ‘కాళ్లు జాగ్రత్త!’ అని తమ మాండలికమున కేకవేయుదురు. వెంటనే జనము గోడకు అంటుకొని దారి యిత్తురు. ఎవరును విసుగుకొనరు. సందులలో కుడివైపున నడచుటయు, వంతెన నడుమ దారికడ్డముగా నిలువకుండుటయు అచ్చటివారి మర్యాద.

అచ్చటి సందును ‘కాల్లే’ యందురు. కొన్ని సందులు ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా వచ్చినచో ఒకరు ప్రక్కకు ఒదుగవలసినంత ఇరుకు. కొన్ని ఇండ్ల క్రిందుగా దూరిపోవును. కొన్ని నేరుగా కాలువలోనే ముగియును. తెలియనివాడు వడిగా నడచినచో నీటిలో పడవలసినదే! గోడలపై సున్నముతో దీర్ఘచతురస్రాకారముగా తెల్లగా పూసి, నల్లని యంచు దీర్చి, అందు సందు పేరును వ్రాసియుంచెదరు. వీనిని ‘చిన్న దుప్పట్లు’ అను అర్థము వచ్చు పేరుతో పిలుతురు. పేర్లలో పూర్వపు వృత్తులు నిలిచియున్నవి. రొట్టెలు కాల్చువారి సందు, పండ్లమ్మువారి సందు, కత్తులు చేయువారి సందు. ఆ వృత్తులు చేసినవారు పోయినను వారి పేరు గోడపై చెరగలేదు.

నగరమున ఆరు పేటలున్నవి. ఇండ్ల సంఖ్యలు సందునుబట్టి గాక పేటనుబట్టి ఉండును. ఒకటితో మొదలైన సంఖ్య పేట యంతయు తిరిగి వేలకు చేరును. కావున పేట పేరును, ఇంటి సంఖ్యయు మాత్రమే తెలిసినచో క్రొత్తవాడు ఇల్లు కనుగొనజాలడు. యాత్రికుడును తన బస వెదకుచు రెండు పర్యాయములు ఒకే వంతెనకు చేరెను. పుస్తకముల సంచి భుజమున తగిలించుకొని బడికి పోవుచున్న బాలుడొకడు అతని చేతిలోని చీటీని చూచి, మాట్లాడక ముందు నడచి, మూడు మలుపులు త్రిప్పి, ఇంటి గుమ్మము చూపి, చేయి యూపి పరుగెత్తిపోయెను.

సామాను ఉంచి యాత్రికుడు రియాల్తో అంగడికి వెడలెను. అచ్చట పెద్ద కాలువపై 1591లో పూర్తియైన రాతి వంతెన కలదు. దాని క్రింద సుమారు 12,000 కొయ్యగుంజలు కలవని చెప్పుదురు. 1854 వరకు పెద్ద కాలువకు ఇది యొక్కటియే వంతెన. వంతెన ప్రక్కనే శతాబ్దములనుండి అంగడి సాగుచున్నది. సరస్సులోని సాంత్ ఎరాస్మో దీవి తోటలలో పండిన కూరగాయలు, ఎఱ్ఱని ఆకుకూర కట్టలు, గుమ్మడికాయలు, నిమ్మపండ్లు రాసులుగా పోసియుండెను. చేపల విపణిలో పీతలు, రొయ్యలు, వెండివలె మెరయు చిన్న చేపలు మంచుగడ్డలపై పరచియుండెను. గృహిణులు మొప్పలెత్తి చూచి, బేరమాడి కొనుచుండిరి. దుకాణదారు లెక్క చెప్పగా ముసలమ్మ యొకతె తల అడ్డముగా త్రిప్పెను. ఆ తీరు చూచి యాత్రికునకు తన యూరి సంత జ్ఞప్తికి వచ్చెను.

అచ్చటి గోడకు ఒక పాత రాతిఫలకము పొదిగియున్నది. ఏ చేప యెంత పొడవునకు తక్కువైనచో అమ్మరాదో దానిపై చెక్కిరి. పాములవలె నుండు చేప 25 సెంటీమీటర్లు, ఆల్చిప్ప 5 సెంటీమీటర్లు ఉండవలెనట. పిల్లచేపలను పట్టి అమ్మినచో మరుసటి యేడు సరస్సు వట్టిపోవును. నీటినే నమ్ముకొని బ్రదికిన జాతి, ఆ నీటిని దోచుకొనరాదను నియమమును అందరికి కనబడునట్లు అంగడి గోడపైననే చెక్కించినది.

సందులు దాటి పోగా నడుమ నడుమ విశాలమైన ప్రదేశములు తగులును. వీనిని ‘కాంపో’ లందురు. కాంపో యనగా పొలము. పూర్వము అచ్చట గడ్డి మొలచెడిది. ప్రతి కాంపోలోను ఒక చర్చి, చుట్టును ఇండ్లు, నడుమ రాతి ఒరతో ఒక నుయ్యి. చుట్టును ఉప్పునీరే యుండగా మంచినీటి నుయ్యి యెట్లు వచ్చినది? అచ్చటివారు నేలను లోతుగా త్రవ్వి, ఉప్పునీరు చొరకుండ అడుగునను ప్రక్కలను బంకమట్టి మెత్తి, ఇసుకతో నింపి, నట్టనడుమ ఇటుకలతో నూతిని కట్టిరి. కాంపోలో కురిసిన వాన రాతి రంధ్రముల గుండ ఇసుకలోనికి దిగి, వడగట్టబడి, నూతిలోనికి ఊరును. కాంపోలో పడిన ప్రతి చినుకును ఆ పేటవారందరి సొత్తు. 1884లో గొట్టముల ద్వారా మంచినీరు వచ్చిన పిదప ఈ నూతుల యవసరము తీరి, వానికి లోహపు మూతలు పడెను. నేడు ఆ ఒరలపై పిల్లలు కూర్చుండి కబుర్లు చెప్పుకొందురు.

ఒక చోట కాలువలో కూరగాయల పడవ నిలిచి దుకాణముగా మారియున్నది. దాని చెంతనే ‘పిడికిళ్ల వంతెన’ యున్నది. పూర్వము నగరమున రెండు పక్షములవారు ఈ వంతెనపై నిలిచి పిడిగ్రుద్దులతో తలపడి, ఒకరినొకరు కాలువలోనికి త్రోసికొనెడివారు. పోరు మొదలిడువారు పాదము మోపవలసిన గుర్తులు నేటికిని వంతెన నాలుగు మూలల తెల్లరాతిలో కనబడును. ప్రాణహాని కలుగుచుండుటచే 1705లో ప్రభుత్వము ఈ యాటను నిషేధించెను. యాత్రికుడు చూచుచుండగా బడినుండి వచ్చు బాలురిద్దరు ఆ గుర్తులపై పాదములుంచి, పిడికిళ్లు చూపుకొని, పకపక నవ్వి వెడలిపోయిరి.

నీటిమీది రాకపోకలును చూడదగినవే. మన బస్సువలె ఊరంతయు తిరుగు ఆవిరిపడవలు 1881లో మొదలైనవి. ఆవిరి పోయి నూనెయంత్రములు వచ్చినను వాని పాతపేరు మారలేదు. నల్లని ‘గొండోలా’ పడవ లోకప్రసిద్ధము. దాని పొడవు సుమారు 11 మీటర్లు. పడవవాడు వెనుక నిలిచి ఒక్క తెడ్డుతో కుడిప్రక్కననే వేయును. అందుచే పడవ ఒక వైపునకు తిరుగకుండ, దాని యెడమభాగమును కుడిభాగముకంటె వెడల్పుగా నిర్మింతురు. మలుపుల యొద్ద పడవవాడు ‘ఓయే!’ అని అరచును. మన పల్లెకారుల ‘ఓయ్!’ వలె ఆ కేక చెవిసోకగా యాత్రికుడు వెనుదిరిగి చూచెను. నేడు గొండోలాలో విహరించువారు చాలవరకు పరదేశులే. కాని వంతెనలు లేనిచోట పెద్ద కాలువను దాటించు గొండోలాలో ఊరివారును ఎక్కుదురు. తక్కువ రుసుమిచ్చి, పడవలో నిలుచుండియే, రెండు నిమిషములలో ఆవలిగట్టు చేరుదురు.

ఆ నగరమున జననమరణములు రెండును నీటిదారినే నడచును. ఆసుపత్రి రేవునకు రోగులను తెచ్చు పడవలు సైరను మ్రోగించుకొనుచు వచ్చును. అగ్నిమాపకదళమునకు పడవ, పోలీసులకు పడవ, తుదకు శవమును సాన్ మికేలే దీవిలోని శ్మశానమునకు చేర్చుటకును పడవయే.

మధ్యాహ్నమునకు యాత్రికుడు సాన్ మార్కో చతురస్రము చేరెను. అచ్చటి గంటగోపురము 1902 జూలై 14వ తేదీన కుప్పకూలినది. మనుష్యులెవరును చనిపోలేదు. ‘ఉన్నచోటనే, ఉన్నట్లే’ కట్టవలెనని పౌరులు నిశ్చయించి 1912 నాటికి మరల నిలిపిరి. ఆ దినమున సముద్రపు పోటు వచ్చుచుండెను. నీరు గట్టు పొరలి రాలేదు. చతురస్రములోని రాళ్ల సందులనుండి, తూముల రంధ్రములనుండి నిశ్శబ్దముగా ఉబికి, చూచుచుండగానే అద్దమువలె పరచుకొనెను. పరదేశులు కేరింతలతో చెప్పులు చేతబట్టి ఫోటోలు తీసికొనుచుండిరి. దుకాణదారుడొకడు మాత్రము మౌనముగా గుమ్మమునకు అడ్డుపలక బిగించుచుండెను.

అతని మౌనమునకు కారణము కలదు. 1966 నవంబరు 4వ తేదీన నీరు 194 సెంటీమీటర్ల మట్టమునకు పొంగి నగరమంతటిని ముంచెను. నేలయంతస్తులలో కాపురముండిన బీదలు అనేకులు అప్పుడు ఊరు విడిచిరి. 2019 నవంబరు 12వ తేదీన మరల 187 సెంటీమీటర్లు వచ్చెను. సముద్రము సరస్సులోనికి ప్రవేశించు మూడు ద్వారములయందును 78 ఉక్కుతలుపులను నిర్మించి, 2020 అక్టోబరు 3వ తేదీన తొలిసారిగా లేపి పోటును ఆపిరి. మామూలు దినములలో ఆ తలుపులు నీరు నిండి సముద్రపు అడుగున పడియుండును. పెద్దపోటు వచ్చునని తెలిసినప్పుడు వానిలోనికి గాలిని నింపగా పైకిలేచి గోడవలె నిలుచును. చిన్నపోటులకు తలుపులు లేపరు. కావున పల్లమైన ఈ చతురస్రము అప్పుడప్పుడు తడియుచునే యుండును.

నీటిపోటుకంటె వేరొక పోటు ఆ నగరమును బాధించుచున్నదని యాత్రికునకు సాయంకాలము తెలిసెను. ఒక వంతెన దిగువన ముసలమ్మ యొకతె చక్రముల సంచిని మెట్లెక్కింపలేక నిలిచియుండెను. యాత్రికుడు ఆ సంచి నెత్తి ఆవలికి చేర్చెను. ఆమెకు కొంచెము ఆంగ్లము వచ్చును. ఇరువురును కాంపోలోని బల్లపై కూర్చుండిరి.

“అమ్మా! ఇంత దూరము పోయి పాలు తెచ్చుకొనుచున్నారేల? చెంతనే ఇన్ని దుకాణములున్నవి గదా!” అని యాత్రికు డడిగెను.

ఆమె నవ్వెను. “నాయనా! ఆ దుకాణములలో ఏమున్నదో చూచితివా? అదిగో, ఆ మూల రొట్టెల దుకాణముండెడిది. దాని ప్రక్క చెప్పులు కుట్టువాడు. ఇటు పాలమ్మువారు. నేడు అన్నిటిలోను బొమ్మముఖములు, గాజుపూసలు. మేము గాజుపూసలు తినలేము గదా!”

“మీ యిరుగుపొరుగువారో?”

“మా మేడలో ఏడు కాపురములుండెడివి. నేడు నేనొక్కతెనే. తక్కినవన్నియు మూడు దినములుండి పోవువారికి అద్దెకిచ్చుచున్నారు. నా మనుమడు అద్దె భరింపలేక వంతెన ఆవలి యూరికి పోయినాడు. రాత్రి మా మెట్లమీద అడుగుల చప్పుడు వినబడును. కాని నా పేరు తెలిసిన అడుగు ఒక్కటియు లేదు.” ఆమె కొంచెమాగి, “ఈ మేడలు నిలుచుటకు క్రింద గుంజలున్నవి నాయనా! ఊరు నిలుచుటకు పైన మనుష్యులుండవలెను” అనెను.

యాత్రికుడేమియు పలుకలేకపోయెను. ఆనాటి ఉదయము రియాల్తో చెంత ఒక మందుల దుకాణపు కిటికీలో అంకెల పలకను చూచి, అదేమో తెలియక సాగిపోయియుండెను. 2008నుండి ఆ పలక నగరమున మిగిలిన నివాసుల సంఖ్యను చూపుచున్నదని ఆమె యిప్పుడు చెప్పెను. 1951లో ప్రాచీన నగరమున సుమారు 1,75,000 మంది నివసించిరి. 2022లో ఆ సంఖ్య 50,000కు దిగువకు పడిపోయినది. అనేక దినములలో చూడవచ్చువారి సంఖ్య నివసించువారి సంఖ్యను మించుచున్నది. మహానౌకలు నగరము ముంగిట నడచుటను 2021 ఆగస్టునుండి నిషేధించిరి. 2024 ఏప్రిల్ 25వ తేదీనుండి కొన్ని దినములలో, ఒక్క పూట చూచిపోవు యాత్రికులనుండి ప్రవేశరుసుము వసూలు చేయసాగిరి. కాని రుసుముచే మందిని కొంత తగ్గింపవచ్చునేమో గాని, రొట్టెల దుకాణమును తిరిగి తెచ్చుట అంత సులభము కాదు. ‘నేనును ఆ మూడు దినముల అద్దెయింటి అతిథినే గదా!’ యని తలపునకు రాగా యాత్రికుడు సిగ్గుపడెను.

దీపములు వెలిగిన వేళకు అతడు తాను వెదకివచ్చిన చోటు చేరెను. రియాల్తోకు సమీపమున ఒక మూలమలుపులో చిన్న ముంగిలి. మార్కోపోలో కుటుంబపు గృహము ఆ ప్రాంతముననే యుండెడిది. ఆయనకు వచ్చిన ‘మిలియోనె’ యను మారుపేరే నేటికిని ఆ ముంగిలికి పేరు. అచ్చట జనము లేరు. పైయంతస్తున ఒక కిటికీలోనుండి వంట వాసనయు, పళ్లెముల చప్పుడును వచ్చుచుండెను. ఎవరో తల్లి బిడ్డను భోజనమునకు పిలుచుచుండెను.

అప్పుడు యాత్రికునకు మోటుపల్లి మనస్సున మెదలెను. 1244లో కాకతి గణపతిదేవుడు సముద్రవర్తకులకు అభయమిచ్చుచు శాసనము వేయించిన మహారేవు అది. నేడచ్చట నౌకలు లేవు, కోటీశ్వరులు లేరు. కాని వేకువనే వలలు సవరించు జాలరులున్నారు, బడికి పోవు పిల్లలున్నారు, ఒకరి పేరు ఒకరికి తెలియును. మోటుపల్లిలో వైభవము పోయినను మనుష్యులు నిలిచిరి. వెనిస్‌లో వైభవము నిలిచినను మనుష్యులు తరలిపోవుచున్నారు.

మూడవ దినమున యాత్రికుడు ఊరు విడిచెను. పోవుటకు ముందు, మేడలోని ముసలమ్మ యుండు పేటకు పోయి, ఆమె చెప్పిన దూరపు దుకాణమున రొట్టెయు పాలును కొని ఆమె గుమ్మము తట్టెను. ఆమె తలుపు తెరచి, ఆతని పేరడిగి, రెండు మారులు పలికి నేర్చుకొనెను. రైలు వంతెన దాటుచుండగా గోపురములు మంచులో మరుగుపడెను. సందు మలుపున ‘కాళ్లు జాగ్రత్త!’ యను బండివాని కేకయు, దారి చూపిన బాలుని పరుగును మాత్రము అతని మనస్సున మెదలుచునే యుండెను.

ప్రశ్నలు

1. వెనిస్ నగరమున మేడలను బురదనేలపై ఎట్లు నిర్మించిరి?
2. కాంపోలలోని నూతులలోనికి మంచినీరు ఎట్లు చేరెడిది?
3. చేపల విపణిలోని రాతిఫలకము తెలుపు నియమమేమి? దాని ప్రయోజనమేమి?
4. “ఊరు నిలుచుటకు పైన మనుష్యులుండవలెను” అను మాటల భావమును వివరింపుము.
5. మోటుపల్లికిని వెనిస్ నగరమునకును గల పోలికలను, భేదములను వ్రాయుము.
6. మీ వీథిలో వేకువనుండి రాత్రి వరకు జరుగు పనులను పరిశీలించి ఒక వ్యాసము వ్రాయుము.